ఆరుద్ర పురుగు రంగు

ఆరుద్ర పురుగు మీలో ఎంతమందికి గుర్తుంది? జూన్ నెలాఖరున ఆరుద్ర కార్తె ప్రవేశించి, నాలుగు చినుకులు పడి నేల మెత్తబడగానే చేలగట్ల మీద, గడ్డి మొదళ్లలో కనిపించేది. మఖమల్ గుడ్డలోంచి చిన్న ముక్క కత్తిరించి దానికి ప్రాణం పోసినట్టు ఉంటుంది. వేలు తగిలితే కాళ్లు ముడుచుకుని పూసలాగా అయిపోతుంది. మా కె.కోటపాడులో పిల్లలం దాన్ని ఖాళీ అగ్గిపెట్టెలో లేతగడ్డి పరిచి దాచుకునేవాళ్లం. "వదిలీయండే గుంటల్లారా, అది కనిపించిన ఏడు పంట బాగుంటుంది" అని పెద్దవాళ్లు కేకలేసేవారు. పురుగు అంటున్నాం గానీ దానికి కాళ్లు ఎనిమిది. అంటే సాలీడుకి చుట్టం అన్నమాట. ఏడాదిలో చాలా భాగం మట్టిలోనే ఉండి, తొలకరికి పైకి వస్తుంది.

ఇప్పుడెందుకు ఈ పురుగు గోల అంటారా? విశాఖపట్నంలో డిగ్రీ చదువుతున్న మా మేనకోడలికి ఇంగ్లీషు పాఠంలో 'స్కార్లెట్' అనే మాట వచ్చిందిట. "అత్తా, ఎరుపు అని రాస్తే మా మేడమ్ సరిపోదన్నారు. దీనికి తెలుగులో ఏమంటారు?" అని ఫోన్ చేసింది. ఏ ఎరుపే అంటే, కొంచెం నారింజ ఛాయ తగిలి, కళ్లు జిగేల్‌మనిపించే ఎరుపుట. "ఆరుద్ర పురుగు రంగు అని రాయవే" అన్నాను. పకపకా నవ్వింది. నేను వేళాకోళానికి అనలేదు. నా ఇంటర్మీడియెట్ చదువుకి ఇంగ్లీషు పాండిత్యం లేకపోవచ్చు గానీ, ఎరుపుల సంగతి ఆడవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. చీరల కొట్లో కూర్చుని మనం ఎన్ని ఎరుపులు తీయిస్తామో ఆ కొట్టువాణ్ణి అడగండి చెబుతాడు. కుంకుమ రంగు, మిరపపండు రంగు, దానిమ్మగింజ రంగు, ఇటిక రంగు, మందారం రంగు. ఒక్కదానికీ విడిగా పేరు లేదు, అన్నీ వస్తువుల పేర్లే. మన పద్ధతే అది. రంగు ఎక్కడ చూశామో ఆ చోటు పేరు దానికి పెట్టేస్తాం.

పాత తెలుగులో ఇంకో సొగసు ఉంది. 'కెం', 'చెం' అని ముందు తగిలిస్తే చాలు, మాట ఎర్రబడిపోతుంది. కెంపు, కెంజాయ, కెందామర, చెంగల్వ, చెంగావి ఇలా వచ్చినవే. కావిరంగుకి చెం తగిలించి చెంగావి అన్నవాళ్లకి ఒక నమస్కారం పెట్టాలనిపిస్తుంది నాకు.

ఇక లలితా సహస్రనామం చదివేవాళ్లు ఈసారి కాస్త నెమ్మదిగా చదివి చూడండి. అమ్మవారి ఒంటిరంగు చెప్పడానికి ఎన్ని ఎరుపులు తెచ్చారో! ఉదయించే సూర్యుడు ఒకచోట, దానిమ్మ పువ్వు ఒకచోట, మందారపువ్వు ఒకచోట, బంధూక పుష్పం ఇంకోచోట. బంధూకం అంటే మన మంకెన పువ్వే. మిట్టమధ్యాహ్నం విచ్చుకునే పువ్వు. స్కార్లెట్ చూడాలంటే దాన్ని చూడాలి. ఆ నామాల్లోనే 'ఇంద్రగోప' అనే మాట కూడా వస్తుంది. అమ్మవారి పిక్కలు ఇంద్రగోపాలు పొదిగిన మన్మథుడి అమ్ములపొదిలా ఉన్నాయని దాని భావం. ఇంద్రగోపం అంటే మన ఆరుద్ర పురుగు. కొందరు మిణుగురు అని అర్థం చెబుతారు గానీ, ఒళ్లంతా ఎరుపుగా చెబుతున్న తల్లికి మిణుగురులెందుకు? ఎర్రపురుగు అన్నదే నాకు సబబుగా తోస్తుంది.

వాల్మీకి కూడా దీన్ని వదల్లేదు. కిష్కింధకాండలో సీతని పోగొట్టుకున్న రాముడు మాల్యవంతం మీద వానాకాలం గడుపుతూ లక్ష్మణుడికి నేలని చూపిస్తాడు. కొత్తగా మొలిచిన పచ్చిక, దాని మధ్య అక్కడక్కడ ఇంద్రగోపాలు. చిలకపచ్చ కంబళి మీద లత్తుక చుక్కలు చిలకరించి కప్పుకున్న ఆడమనిషిలా భూమి ఉందంటాడు. భార్య దూరమైనవాడికి పచ్చగడ్డి చూసినా చీరే కనిపించింది చూశారా. నాకు రామాయణమంతటిలోనూ ఇష్టమైన చోటు అది.

ఆ లత్తుక సంగతి కూడా చెప్పాలి. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మల మీద లక్కపురుగులు గూడు కట్టుకుంటాయి. ఆ గూడుని గీకి తెచ్చి కడిగితే వచ్చే ఎర్రనీళ్ల నుంచి లత్తుక తీసేవారు. మిగిలిన జిగురే లక్క. కాళిదాసు నాటకంలో మాళవిక పాదానికి చెలికత్తె లత్తుక దిద్దుతుంది, ఆ కాలితో తాకిస్తే అశోకచెట్టు పూస్తుందని. ఆ పురుగు ఇచ్చిన లక్కే మన ఏటికొప్పాక బొమ్మలకి మెరుపు. మనం చిన్నప్పుడు వంటాట ఆడుకున్న లక్కపిడతలు గుర్తున్నాయి కదా! అంకుడు కర్రని తరిణిపట్టి, అది గిర్రున తిరుగుతూండగా రంగు కలిపిన లక్కకడ్డీని ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తరువాత మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుస్తుంది. మధ్యలో కొంతకాలం రసాయనపు రంగులు వచ్చిపడ్డాయి. పసిపిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలాయె. అక్కడి సి.వి.రాజు గారు పట్టుపట్టి ఆకులు, గింజలు, బెరళ్ల నుంచి తీసిన రంగుల్ని తిరిగి తెచ్చారు. ఎరుపు, నారింజ ఛాయలకి జాఫ్రా గింజలు వాడతారు. 2017లో ఏటికొప్పాక బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. 2022లో జిల్లాలు విడదీశాక మా కోటపాడూ, ఏటికొప్పాకా రెండూ అనకాపల్లి జిల్లాలోకే వచ్చాయి కనుక ఆ గొప్పలో మాకూ కొంచెం వాటా ఉందనుకుంటాను.

రంగుల మాట వచ్చింది కనుక ఒక జాగ్రత్త చెప్పి ముందుకు వెళతాను. పసుపుకొమ్ముల్ని నిమ్మరసంలో, వెలిగారం, పటిక వేసి నానబెట్టి, నీడలో ఎండబెట్టి దంచిన కుంకుమ వేరు, బజారులో పొట్లాల్లో అమ్మే సింధూరాలన్నీ వేరు. పాతకాలపు సింధూరం సీసంతో చేసినది, ఇంగిలీకం పాదరసంతో చేసినది. 2017లో అమెరికాలోని రట్జర్స్ విశ్వవిద్యాలయం వాళ్లు అక్కడి కొట్లలోనూ, మన దేశంలోనూ కొన్న సింధూరాలు పరీక్షిస్తే చాలావాటిలో సీసం కనిపించింది. సీసం పసివాళ్ల మెదడుకి చేటు. చంటిపిల్ల తల్లి నుదురు తడిమి ఆ వేళ్లే నోట్లో పెట్టుకుంటుంది కదా. మరీ నారింజగా, జిగేలుమంటూ, బరువుగా ఉండే పొడిని ఇంట్లోకి రానివ్వకండి.

సరే, ఇంతకీ స్కార్లెట్ అన్న మాట దగ్గరికి వద్దాం. మొదట్లో అది రంగు పేరు కాదుట, బట్ట పేరు. మధ్యయుగాల నాటి యూరప్‌లో రాజులు, పెద్ద ప్రభువులు కట్టే ఖరీదైన ఉన్నిబట్టని స్కార్లెట్ అనేవారు. అది ఎక్కువగా ఎర్రరంగే వేసుకునేది కనుక చివరికి బట్ట పోయి రంగు మిగిలింది. మన పాత తెలుగులో 'సకలాతి' అని ఉన్నిబట్టకి ఒక మాట ఉంది. అది పర్షియా నుంచి వచ్చిన మాట. స్కార్లెట్ కూడా అదే తోవన వచ్చి ఉంటుందని కొందరు పండితులు అంటారు. అదే నిజమైతే మా మేనకోడలి ప్రశ్నకి జవాబు మన పెట్టెలోనే ఉంది. ఆ బట్టకి వేసే రంగు కూడా చెట్టు మీది పురుగునుంచే తీసేవారు. క్రిమ్సన్ అనే మరో ఎరుపు పేరుకి మూలం మన సంస్కృతంలోని 'క్రిమి' అట. మనకి లక్కపురుగు, వాళ్లకి ఇంకో పురుగు. ఎరుపు మాత్రం పురుగు పెట్టిన భిక్షే.

పేర్ల విషయానికొస్తే మనకీ తక్కువేం లేదు. మా ఉత్తరాంధ్రలో ఎర్రన్న, ఎర్రయ్య, ఎర్రమ్మ, ఎర్రంనాయుడు అని వీధికొకరు దొరుకుతారు. పిల్ల పచ్చగా ఉంటే 'ఎర్రగా బుర్రగా ఉంది' అనడం మనకి అలవాటు. భారతంలో అరణ్యపర్వాన్ని పూర్తిచేసిన మహాకవి ఎర్రన. 1925లో విశాఖపట్నంలో పుట్టి సమగ్రాంధ్ర సాహిత్యం రాసిన భాగవతుల సదాశివశంకర శాస్త్రిగారు కలం పేరు ఆరుద్ర అని పెట్టుకున్నారు. ఆకాశంలో ఆరుద్ర నక్షత్రం కూడా ఎర్రగానే ఉంటుంది, మబ్బు లేని రాత్రి చూడండి. ఇక అరుణలూ, సింధూరలూ, మందారలూ మీకు తెలిసినవే.

ఇంగ్లీషు వాళ్ల స్కార్లెట్ కథ మాత్రం వినదగ్గది. నాలాంటి వాళ్లకి ఇంగ్లీషు నవలలు పరిచయం అయ్యాయంటే అది మాలతీ చందూర్ గారి చలవే. వంటలూ చెప్పేవారు, 'పాత కెరటాలు' పేరుతో స్వాతి మాసపత్రికలో పరదేశపు నవలలూ చెప్పేవారు. ఆ అలవాటుతోనే తరువాత కొన్ని కథలు సంపాదించి తెలుసుకున్నాను. 1936లో మార్గరెట్ మిచెల్ రాసిన 'గాన్ విత్ ది విండ్' నవలలో నాయిక పేరు స్కార్లెట్. ముందు వేరే పేరు పెట్టి, అచ్చుకి వెళ్లే ముందు మార్చారుట. ఆ స్కార్లెట్‌కి పదహారేళ్లకి పెళ్లయి, యుద్ధానికి వెళ్లిన భర్త తట్టు సోకి చచ్చిపోతాడు. అంతే, పిల్లకి నల్లబట్టలు తొడిగేస్తారు. ఆటలు లేవు, నాట్యం లేదు, నవ్వకూడదు. పేరేమో ఎరుపు, బతుకేమో నలుపు! ఒక విరాళాల సభలో ఆ నల్లగౌనుతోనే నాట్యానికి దిగిందని ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది. చదువుతుంటే ఇది ఎక్కడో అమెరికా కథ అనిపించదు.

దానికంటే ముందు, 1850లో నథానియల్ హాథార్న్ అనే ఆయన రాసిన 'స్కార్లెట్ లెటర్' ఇంకా పదునుగా ఉంటుంది. మా మేనకోడలి పాఠం దాని గురించే. పదిహేడో శతాబ్దపు బోస్టన్‌లో హెస్టర్ అనే ఆవిడ, భర్త దగ్గర లేని కాలంలో బిడ్డని కంటుంది. తండ్రి పేరు చెప్పమంటే చెప్పదు. చంటిబిడ్డతో నడిబజారులో మెట్టు మీద నిలబెట్టి, ఇకమీదట జన్మంతా గుండెల మీద 'ఏ' అనే ఎర్ర అక్షరం కట్టుకు తిరగమని శిక్ష వేస్తారు. ఆవిడ ఏం చేసిందనుకున్నారు? ఆ అక్షరాన్నే బంగారు జరీతో అద్భుతంగా కుట్టి పెట్టుకుంది! కుట్టుపని మీదే బిడ్డని పెంచింది. ఊరి పెద్దల చొక్కాల కంఠాలకీ, పుట్టిన పిల్లల గౌనులకీ, ఆఖరికి చచ్చినవాళ్లకి కప్పే బట్టకీ ఆవిడ పనితనమే కావాలి. ఒక్కటి మాత్రం ఆవిడ చేత కుట్టించరు. పెళ్లికూతురి ముసుగు.

ఇక్కడికి వచ్చేసరికి నాకు మా వీధిలో ఉండే ఒకావిడ కళ్లముందు కనిపించింది. నాకు వరసకి పిన్ని అవుతుంది. ఇరవైరెండేళ్లకే భర్త పోతే, పుట్టింటివాళ్లు కొనిచ్చిన కుట్టుమిషనుతో ఇద్దరు పిల్లల్ని చదివించింది. మా వీధిలో ఎవరి జాకెట్టు అయినా ఆవిడే కుట్టాలి. చంక దగ్గర ముడత పడనివ్వదు. పెళ్లంటే పెట్టుబడి జాకెట్లు, ఆడపడుచుల జాకెట్లు అన్నీ ఆవిడకే. పెళ్లికూతురి జాకెట్టు మాత్రం చోడవరం పంపించేవారు. ఎవరూ నోరు విప్పి కారణం చెప్పరు, ఆవిడా అడగదు. పసుపు దంచే వేళకి వచ్చి పోగులు తెంపుకుంటూ తన గడప లోపలే కూర్చునేది. ఆ రోకళ్ల చప్పుడు వింటూ మిషను తొక్కేది.

చూడండి, అక్కడ ఆడదానికి ఎరుపు తగిలించి వేలెత్తి చూపించారు. ఇక్కడ ఎరుపు తీసేసి చూపించారు. నుదుట బొట్టు, చేతికి ఎర్రగాజులు, తల్లో కనకాంబరాలు తీసేస్తే ఇక వీధిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. హెస్టర్ కనీసం ఏదో చేసింది అన్నారు. మా పిన్ని ఏం చేసింది?

నాకు ఎప్పటినుంచో అర్థం కాని సంగతి ఒకటుంది. మన ఇళ్లలో ఆడపిల్లకి పురుడు నాడే బొట్టు పెడతాం. దిష్టిచుక్క పెడతాం, గాజులు వేస్తాం, జడ అల్లేంత జుట్టు రాగానే పూలు పెడతాం. పెళ్లితో కొత్తగా వచ్చేవి పుస్తెలు, మట్టెలు. భర్త తెచ్చినవి భర్తతో పోతాయంటే, సరే, ఏదో లెక్క అనుకోవచ్చు. మరి అమ్మ పెట్టిన బొట్టు తీసే హక్కు ఎవరిది? పిన్నితో ఒకసారి ఈ మాటే అంటే, "నాకేటమ్మా, అలవాటైపోయింది. అద్దంలో చూసుకోవడమే మానీసేను" అంది. సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తకుండా అంది ఆ మాట.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. అంతకు ఇరవై అయిదేళ్ల ముందే, 1856లో, చట్టం వచ్చి ఉంది. అయినా ఊరు వెలేసినంత పనిచేసింది. వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు మొహం చాటేస్తే, వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారే గోదావరి నుంచి నీళ్లు మోసుకొచ్చి వండిపెట్టారు. పుస్తకాల్లో ఆయన పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆవిడ బిందె సంగతి చిన్నక్షరాల్లో ఉంటుంది. అది వేరే గొడవ అనుకోండి. ఇన్నేళ్లయినా ఈ బొట్టు తీయడం పోలేదు. మొన్న 2022 మే నెలలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ, భర్త పోయిన ఆడవాళ్ల గాజులు పగలగొట్టడం, కుంకుమ చెరపడం, మంగళసూత్రం తెంపడం మా ఊళ్లో ఇక లేదు అని తీర్మానం చేసింది. ఆ నెల్లోనే అక్కడి ప్రభుత్వం, మిగిలిన పంచాయతీలు కూడా ఇదే దారి పట్టమని ఉత్తర్వు పంపింది. పంచాయతీలంటే రోడ్లు, కుళాయిలే అనుకుంటాం మనం.

మా వీధిలో తీర్మానాలేవీ జరగలేదు. రెండేళ్ల కిందట ఒక పెళ్లిలో పెళ్లికూతురు మొండికేసింది. ఆ అమ్మాయి పిన్ని దగ్గరే కుట్టు నేర్చుకుంది. "నా జాకెట్టు అమ్మమ్మ కుడితేనే పీటల మీద కూర్చుంటాను" అంది. వాళ్లమ్మ రెండురోజులు అన్నం మానేసింది. మేనత్తలు మూతులు ముడుచుకున్నారు. "పోనీలెండి వదినా, కుట్టేది చేతులు కదా, నుదురు కాదు కదా" అని నేను కూడా ఒక మాట సాయం వేశాను. దానికి నా మీదా కొందరు అలిగారు, ఇప్పటికీ పేరంటాలకి పిలవరు. అయితే అవనీయండి, శనగల ఖర్చు కలిసొస్తుంది.

జాకెట్టు కుట్టింది పిన్ని. మంకెన పువ్వు రంగు పట్టుగుడ్డ. ఆ గుడ్డ మిషను మీద పెట్టుకోవడానికి మొదటిరోజు చేతులు ఆడలేదుట ఆవిడకి. తెలుపూ, బూడిదా తప్ప ఒళ్లో వేసుకోని మనిషి కదా. రెండో రోజు మొదలుపెట్టి మెడ చుట్టూ చేత్తో జరీకుట్టు వేసింది. అంత సన్నపు కుట్టు నేను చోడవరంలో గానీ అనకాపల్లిలో గానీ చూడలేదు. పెళ్లయింది. ఆ పిల్లకి ఇప్పుడు ఏడాది కొడుకు. పిన్నికి ఇప్పుడు పెళ్లి జాకెట్లే ఎక్కువ వస్తున్నాయి, రేటు కూడా పెంచింది. బొట్టు మాత్రం ఇంకా పెట్టుకోవడం లేదు. నేను అడగడమూ మానేశాను. పెట్టుకోవాలో అక్కర్లేదో ఆవిడ ఇష్టం.

మేనకోడలు చివరికి జవాబులో ఆరుద్ర పురుగు రంగు అనే రాసిందిట. మేడమ్‌ది శ్రీకాకుళం వైపు. మార్కులు వేసి, పక్కన తమ ఊళ్లో దాన్ని ఏమంటారో కూడా రాశారుట. ఆ కాగితం ఇంకా తెచ్చి చూపించలేదు మా పిల్ల. మీ వైపు ఆ పురుగుని ఏమంటారో, ఇప్పటికీ చేలల్లో కనిపిస్తోందో లేదో ఒక కార్డుముక్క రాయండి. పెరట్లో మంకెన ఉన్నవాళ్లు కాసిని విత్తనాలు కవరులో పెట్టి పంపితే మరీ సంతోషం. పిన్ని అడిగింది.